మొన్నటి బీరు, నేటి బీరు: రుచి ఎక్కడ తప్పిందో గ్లాసు నుంచి వెనక్కి వెతికే పద్ధతి

హనుమకొండ చుట్టుపక్కల కల్లు తాగే పెద్దవాళ్ళు ‘ఇవాళ కల్లు బాగాలేదు’ అని అక్కడితో ఆగరు. పోతుతాడుదా, పండుతాడుదా? తెల్లవారుజామున దించిందా, నిన్న సాయంత్రందా? లొట్టి సరిగా కడిగారా? ఎండలో ఎంతసేపు ఉంది? ఇన్ని అడిగి, ఒక గుక్క తాగి, తప్పు చెట్టుదో, లొట్టిదో, ఎండదో తేల్చి చెబుతారు. అదే మనుషులు బీరును అక్కడే కాచి పోసే చిన్న బ్రూవరీలో గ్లాసు ముందు కూర్చుంటే మాత్రం ఒకే మాట: ‘మొదట్లో బాగుండేది, ఇప్పుడు పడిపోయింది.’ ఏమి పడిపోయింది, ఎప్పటి నుంచి అన్న ప్రశ్నే రాదు.

రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి బతికినవాణ్ణే అయినా నేనూ చాలాకాలం అలాగే మాట్లాడాను. తెలంగాణలో మైక్రో బ్రూవరీల నియమాలు 2015లో వచ్చాయి. మొదట అవి వెలసింది హైదరాబాద్‌లో కాబట్టి, కాజీపేటలో రైలెక్కి వెళ్ళినప్పుడల్లా తాగి, తిట్టి, తిరిగి వచ్చేవాణ్ణి. తర్వాత మా వైపు ఒక చిన్న బ్రూవరీని పట్టుకుని మూడేళ్ళు నోటు పుస్తకం రాశాను. ఆ పుస్తకం నేర్పిన పద్ధతే ఇది. దీని సూత్రం ఒక్కటే: గ్లాసు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలి. నాలుక, గ్లాసు, ట్యాప్, గొట్టం, బీరు వయసు, ఈస్ట్, సరుకు, నీరు, మనిషి అన్నది వరుస. దగ్గరి కారణాన్ని కొట్టిపారేయకుండా దూరపు కారణం మీద పడకూడదు. ‘మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) చవకది వేస్తున్నారు’ అని అందరూ అనే మాట ఈ వరుసలో దాదాపు చివరన వస్తుంది.

చిన్న బ్రూవరీలో మనకు కలిసివచ్చేది ఒకటుంది. అక్కడ కాచిన బీరు అక్కడే తాగాలి. ట్యాంకుకూ మన టేబులుకూ మధ్య లారీ లేదు, గోదాము లేదు, ఎండలో నిలబెట్టిన పెట్టెలు లేవు. ఉన్నవల్లా కొన్ని మీటర్ల గొట్టం, నలుగురు మనుషులు. అందుకే తప్పు దొరుకుతుంది. (తెలంగాణలో తాగడానికి చట్టం చెప్పే వయసు 21. ఆ లోపువారు ఈ వ్యాసాన్ని రసాయనశాస్త్రంగా చదువుకోవచ్చు.)

మొదటి మెట్టు: ఒకే బీరును పట్టుకోండి

బ్రూవరీలో ఆరు రకాలుంటే ఆరూ గమనించలేరు. ఒకటి ఎంచుకోండి. మామిడి రుచి, కాఫీ రుచి కలిపినవి వద్దు, అవి తప్పులను కప్పేస్తాయి. నల్లగా మాడ్చిన మాల్ట్‌తో చేసే స్టౌట్ కూడా కొంతవరకు అంతే. చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే లేత రంగు లాగర్ అన్నింటికన్నా నిర్దాక్షిణ్యమైనది, ఏ లోపమున్నా బయటపెడుతుంది. అది లేకపోతే గోధుమ బీరు తీసుకోండి. మన దగ్గర దాదాపు ప్రతి చిన్న బ్రూవరీలోనూ దొరికేది అదే. జర్మన్ పద్ధతిలో చేసినదైతే అరటిపండు, లవంగం వాసనలు ఉండాలి. బెల్జియన్ పద్ధతిదైతే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మీరు తాగుతున్నది ఈ రెండింటిలో ఏదో ముందే అడిగి రాసుకోండి. లవంగం వాసన మొదటిదానిలో గుణం, లాగర్‌లో మాత్రం దోషం.

మొదటి మూడు సార్లు తీర్పు చెప్పకండి, వర్ణించండి. తేదీ, సమయం, బ్యాచ్ ఎప్పుడు కాచారు, ట్యాంకుకు ఎప్పుడు మార్చారు, రంగు, నురగ ఎంతసేపు నిలిచింది, మొదటి వాసన, గ్లాసు సగమయ్యాక వాసన, మింగాక నాలుక వెనుక మిగిలిన చేదు. మీకు తెలిసిన వస్తువుల పేర్లతోనే రాయండి. విదేశీ పత్రికల్లో చదివిన పండ్ల పేర్లు అరువు తెచ్చుకోవద్దు. ఎన్నడూ తినని పండు వాసన వచ్చిందని రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత దానితో దేన్నీ పోల్చలేరు. నా పుస్తకంలో ‘మగ్గిన చక్కెరకేళి’, ‘మసాలా డబ్బా మూత తీసినట్టు’ అని ఉంటుంది, నాకది చాలు.

నెలకొకసారి తాగండి. అదికాక ఏడాదిలో నాలుగు కాలాలు తప్పనిసరి: ఉగాది తర్వాతి ఎండలు, మృగశిర కార్తె దాటాక తొలి వానలు, దసరా రద్దీ, సంక్రాంతి చలి. బీరు తప్పు చేసే అవకాశాలు ఈ నాలుగు కాలాల్లో నాలుగు రకాలు. కారణాలు ముందుకు పోయేకొద్దీ తెలుస్తాయి.

రెండో మెట్టు: ముందు మిమ్మల్ని మీరు అనుమానించండి

నా పరాభవం ఒకటి చెబుతాను. రెండో ఏడు జూలైలో ఆ గోధుమ బీరులో అరటిపండు వాసన పోయిందని నాకు గట్టిగా అనిపించింది. మూడు వారాలు వరుసగా అదే. ఈస్ట్ చచ్చిపోయిందని స్నేహితులకు ఉపన్యాసం ఇచ్చాను. ఒకరోజు మాటల్లో ఉండి గ్లాసు పావుగంట వదిలేస్తే, తిరిగి ఎత్తేసరికి చక్కెరకేళి వాసన గుప్పుమంది. విచారిస్తే తేలిందేమిటంటే, ఉక్కపోతకు తట్టుకోలేక వచ్చే జనాన్ని మెప్పించడానికి కౌంటరులో కుర్రవాడు గ్లాసులను ఫ్రీజర్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. గడ్డకట్టే చలిలో వాసన గ్లాసు నుంచి పైకి లేవదు, నాలుక మొద్దుబారుతుంది, గ్లాసు గోడకు పట్టిన మంచు కరిగి బీరును పల్చన చేస్తుంది. బ్రూవరీలో మారింది ఫ్రీజర్ ఒక్కటే.

కాబట్టి ముందు సరిచూడవలసినవి ఇవి. మిర్చి బజ్జీ తిన్న నోటితో తీర్పు వద్దు. మరమరాలు, మంచినీళ్ళు చాలు. జలుబు ఉంటే ఆ రోజు పుస్తకం తెరవకండి. మూడో గ్లాసు మీద ఏమీ రాయకండి, మొదటి 150 మిల్లీలీటర్లే సాక్ష్యం. గోధుమ బీరును ఏడెనిమిది డిగ్రీల దగ్గర, లాగర్‌ను నాలుగైదు డిగ్రీల దగ్గర తాగి పోల్చండి. వంటింటి థర్మామీటరు జేబులో పెట్టుకుపోతే చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

అప్పటికీ తేడా ఉందనిపిస్తే మూడు గ్లాసుల పరీక్ష పెట్టండి. ఒకే బీరు రెండు ట్యాప్‌లలో వస్తున్నప్పుడో, పాత బ్యాచ్, కొత్త బ్యాచ్ రెండూ నడుస్తున్నప్పుడో ఇది వీలవుతుంది. రెండు గ్లాసుల్లో ఒకటి, మూడోదానిలో రెండోది పోయించండి. ఏది ఏదో పోసినవారికే తెలియాలి. వేరుగా ఉన్న గ్లాసు ఏదో తాగినవారు చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి నిజమవుతుంది, అందుకని ఒకరి మాట చెల్లదు. ఆరుగురు తాగితే కనీసం ఐదుగురు సరిగ్గా పట్టుకోవాలి. ఊరికే ఊహిస్తే అలా జరగడానికి అవకాశం నూటికి రెండు లోపే. నలుగురే పట్టుకుంటే అది నూటికి పదిసార్లు వట్టి అదృష్టంతోనూ జరుగుతుంది. ఒంటరిగా ఉంటే మీరే మూడుసార్లు పరీక్షించుకుని మూడుసార్లూ నెగ్గాలి, దానికి అవకాశం 27లో ఒకటి. ఇలా కొద్ది నమూనాలతో నిజం తేల్చే లెక్కకు మూలపురుషుల్లో ఒకరైన విలియం గోసెట్ డబ్లిన్‌లో గిన్నిస్ బ్రూవరీ ఉద్యోగి. 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో తన లెక్క ప్రచురించాడు. గణాంకశాస్త్రం విద్యార్థులను ఏడిపించే ఆ పాఠం వెనుక ఉన్నది బీరే.

మూడో మెట్టు: గ్లాసు

దీనికి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఖాళీ గ్లాసును నీళ్ళలో ముంచి తీయండి. నీరు అద్దం మీద ఒకే పొరలా జారితే శుభ్రమైనది. చుక్కలు చుక్కలుగా విడిపోతే నూనె జిడ్డు ఉంది. బీరు పోశాక గోడలకు బుడగలు అంటుకుని ఉన్నా అదే అర్థం. నూనె, సబ్బు, పెదవి రంగు మూడూ నురగకు శత్రువులు. నురగ లేకపోతే వాసన పైకి రాదు, అప్పుడు ‘బీరు చప్పబడింది’ అనిపిస్తుంది. శుభ్రమైన గ్లాసులో ప్రతి గుక్కకూ ఒక నురగ గీత గోడ మీద మిగులుతుంది. ఎన్ని గుక్కల్లో తాగారో చెట్టు కాండం మీద వలయాల్లా లెక్కపెట్టవచ్చు.

నాలుగో మెట్టు: ట్యాప్, గొట్టం

మంచి బీరు చెడిపోయే చోట్లలో మొదట చూడవలసినది ఇది, తాగేవారికి అస్సలు కనపడనిదీ ఇదే. గొట్టం లోపల చక్కెర శేషం, మాంసకృత్తులు, ఈస్ట్ కలిసి పొరగా పేరుకుంటాయి. దాని మీద లాక్టిక్ బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. ట్యాప్ మూతి గాలికి తెరిచి ఉంటుంది కనుక అక్కడ వెనిగర్ చేసే బ్యాక్టీరియా చేరుతుంది. అమెరికాలో బ్రూవర్ల (బీరు కాచేవారి) సంఘం సూచించే లెక్క: గొట్టాలను ప్రతి 14 రోజులకు ఒకసారి సుమారు 2 శాతం కాస్టిక్ ద్రావణంతో, దాన్ని కనీసం 15 నిమిషాలు తిప్పుతూ కడగాలి. ట్యాప్‌లను విప్పి బ్రష్‌తో తోమాలి. మూడు నెలలకొకసారి ఆమ్లంతో కడిగి, బీరు రాయి అనే కాల్షియం ఆక్సలేట్ గారను తీయాలి. మన ఎండల్లో, కౌంటరు కింద గొట్టానికి చల్లదనం అందని చోట, 14 రోజులు కూడా ఎక్కువే అని నా అభిప్రాయం.

ఒకసారి మధ్యాహ్నం జనం లేని వేళ బ్రూవర్ నా ముందే ట్యాప్ ఒకటి విప్పాడు. బయట ఉక్కు తళతళలాడుతోంది. లోపల సన్నని బ్రష్ దూర్చి తిప్పి తీస్తే కుచ్చుకు లేత గోధుమరంగు జిగురు అంటుకుని వచ్చింది, పెరుగు కుండ అంచుకు ఎండిన మీగడలా. వాసన చూడమన్నాడు. పుల్లబడిన మజ్జిగ, దాని వెనుక వెన్న. ‘కడిగి ఎన్నాళ్ళయింది తమ్ముడూ?’ అంటే లెక్క చూసి, ‘దసరా ముందు, సార్’ అన్నాడు. అప్పటికి కార్తీక పౌర్ణమి దాటింది. అంటే అయిదు వారాలకు పైనే. ట్యాంకులోని బీరు నేరుగా చిన్న గ్లాసులో పట్టి ఇచ్చాడు. నిక్షేపంలా ఉంది.

దీన్ని పట్టుకోవడానికి మూడు చిట్కాలు. ఒకటి, బ్రూవరీ తెరవగానే వెళ్ళి మొదటి గ్లాసు, గంట తర్వాత మరో గ్లాసు అదే ట్యాప్ నుంచి తాగండి. రాత్రంతా గొట్టంలో నిలిచిన బీరు మొదటి గ్లాసులో ఉంటుంది. మొదటిది చెడ్డది, రెండోది బాగున్నది అయితే దోషం గొట్టానిదే. రెండు, అదే బీరు వేరే ట్యాప్‌లో ఉంటే పోల్చండి. మూడు, ‘ట్యాంకు నుంచి ఒక గుక్క రుచి చూడవచ్చా?’ అని అడగండి. నమ్మకమున్న బ్రూవర్ కాదనడు.

ఐదో మెట్టు: బీరు వయసు, ఎండ

కల్లుకు వయసు గంటల్లో. తాటి చెట్టు నుంచి దిగిన తీపి నీరు మధ్యాహ్నానికి మత్తెక్కి, మర్నాటికి పుల్లబడుతుంది, ఎందుకంటే దానిలో ఈస్ట్‌తో పాటు రకరకాల బ్యాక్టీరియా కలిసే పనిచేస్తుంది. బీరుకు వయసు వారాల్లో, నెలల్లో. హాప్స్ అనే పూల చేదు, ఆల్కహాల్, ఆమ్లత, కాచేటప్పటి మరుగు కలిసి బ్యాక్టీరియాను చాలావరకు దూరం పెడతాయి. ఇక మిగిలిన శత్రువులు ఆక్సిజన్, వేడి.

పాతబడే క్రమాన్ని డాల్గ్లీష్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1977లో ఒక రేఖాచిత్రంగా గీశాడు, ఇప్పటికీ అదే పాఠం. చేదు నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. తీపి, పాకం వాసనలు పెరుగుతాయి. మధ్యలో తడిసిన అట్టపెట్టె వాసన లేస్తుంది. మీ పుస్తకంలో ‘చేదు తగ్గింది, తీపెక్కింది’ అని ఉంటే బ్రూవర్ చక్కెర కలిపాడని తొందరపడకండి, ట్యాంకు తేదీ అడగండి. హాప్స్ వాసన మీద బతికే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) రకం బీరు అన్నింటికన్నా ముందు ముసలిదవుతుంది, కొన్ని వారాలకే కళ తప్పుతుంది. అరటిపండు వాసన కూడా నిలిచేది కాదు.

వేడి లెక్కకు బ్రూవర్లు చెప్పుకునే ఒక మోటు సూత్రం ఉంది: 32 డిగ్రీల వద్ద 3 రోజులు, 22 డిగ్రీల వద్ద 30 రోజులు, 3 డిగ్రీల వద్ద 300 రోజులు బీరును దాదాపు ఒకే మోతాదులో పాతబరుస్తాయి. సీసా బీరు కోసం పుట్టిన అంచనా ఇది, తూకం వేసినట్టు పనిచేయదు. కానీ రామగుండంలో, వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలిసినవారికి దాని భావం వెంటనే అర్థమవుతుంది. చల్లటి గదిలో చోటు చాలక రెండు కెగ్‌లను (బీరు పీపాలను) వరండాలో పెట్టిన బ్రూవరీ మూడు రోజుల్లో దాదాపు పది నెలలు పోగొట్టుకుంటుంది.

ఆరో మెట్టు: వాసనకు పేరు పెట్టండి

అసలు పని ఇక్కడ ఉంది. ‘ఏదో తేడా’ అన్నది ఫిర్యాదు మాత్రమే. ‘వెన్న వాసన’ అన్నది ఆచూకీ. ఒక్కో వాసన ఒక్కో గది తలుపు చూపిస్తుంది.

వెన్న, లేదా సినిమా హాలు పాప్‌కార్న్ వాసన డయాసిటైల్‌ది. ఈస్ట్ పని మొదట్లో దీనికి మూలపదార్థాన్ని విడుదల చేసి, చివర్లో తనే తిరిగి తినేస్తుంది. తినేవరకు ఆగకుండా చల్లబరచి జనానికి పోస్తే వెన్న మిగులుతుంది. ఇదే వాసన గొట్టంలో బ్యాక్టీరియా వల్ల కూడా వస్తుంది. తేడా ఎలా తెలుస్తుంది? వెన్నతో పాటు పులుపు, అది కూడా ఒకే ట్యాప్‌లో ఉంటే గొట్టం. పులుపు లేకుండా అన్ని ట్యాప్‌లలో ఉంటే తొందరపడి తీసిన పచ్చి బీరు. బ్రూవర్లకు దీనికో చక్కటి పరీక్ష ఉంది. రెండు మూత సీసాల్లో బీరు తీసుకుని, ఒకదాన్ని 60 డిగ్రీల వేడినీళ్ళలో పావుగంట ఉంచి చల్లార్చి, రెండింటినీ వాసన చూస్తారు. వేడి చేసిన దానిలో వెన్న లేస్తే ట్యాంకు ఇంకా రెండు రోజులు ఆగాలి. మీ బ్రూవర్ ఈ పరీక్ష చేస్తాడా అని అడిగి చూడండి. జవాబు కన్నా ముఖం ఎక్కువ చెబుతుంది.

పచ్చి ఆపిల్ కోసినట్టు, లేత గుమ్మడికాయ లోపలి గుజ్జులా ఉంటే ఎసిటాల్డిహైడ్. ఇదీ పచ్చి బీరు లక్షణమే. దసరాకు ముందు రెండు వారాలు దీనికోసం కాచుకుని ఉండండి. ట్యాంకులు నాలుగే, తాగేవాళ్ళు నాలుగింతలు. పదిహేను రోజులు పండవలసినదాన్ని పది రోజులకే కోసేస్తారు. నా పుస్తకంలో రెండు దసరాలకూ గుమ్మడికాయే ఉంది.

ఉడకబెట్టిన మొక్కజొన్న కంకుల నీళ్ళ వాసన డైమిథైల్ సల్ఫైడ్‌ది. లేత రంగు మాల్ట్ నుంచి పుడుతుంది, మూత తీసి గట్టిగా మరిగిస్తే ఆవిరితో పోతుంది. గ్యాస్ ఆదా చేయాలని మరుగు తగ్గించినా, కాచాక చల్లబరచడం ఆలస్యమైనా మిగిలిపోతుంది. లాగర్‌లో కాస్త ఉండటం కొన్ని సంప్రదాయాల్లో తప్పు కాదు. కంకుల బండి పక్కన నిలబడ్డట్టు ఉంటే తప్పే.

గోళ్ళ రంగు తుడిచే ద్రవంలా, ముక్కుకు గుచ్చుకునే వాసన వస్తే ట్యాంకు వేడెక్కింది. గోధుమ బీరు ఈస్ట్ 20 డిగ్రీల చుట్టూ చక్కగా పనిచేస్తుంది. ట్యాంకును చల్లబరచే చిల్లర్ మొరాయించి అది పాతిక దాటితే మొదట అరటిపండు ఎక్కువవుతుంది, ఇంకా పైకి పోతే ద్రావకం వాసన. ఉగాది తర్వాత నెలలు దీనివి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు చిల్లర్ నీరు వేడెక్కిన రాత్రులు పది రోజుల తర్వాత మీ గ్లాసులో కనిపిస్తాయి.

వానకు తడిసి ఆరని పాత నోటు పుస్తకం, అట్టపెట్టె: ఆక్సిజన్ తగిలింది. ఇది ఐదో మెట్టులో చెప్పిన ముసలితనమే. కొత్త బ్యాచ్‌లో కూడా ఉంటే ట్యాంకు నుంచి ట్యాంకుకు మార్చేటప్పుడు గాలి చొరబడుతోంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ముసురు రోజుల్లో గోనె సంచుల గుట్ట దగ్గర వచ్చే ముక్క వాసన మాత్రం వేరు. అది బూజు. మాల్ట్ బస్తాలు నిల్వచేసిన గది చూడాలి.

ఆసుపత్రి వరండా, గాయాలకు వేసే మందు వాసన: క్లోరోఫినాల్. దీని కథ నీటి మెట్టులో వస్తుంది.

ఏడో మెట్టు: ఈస్ట్ ఎన్నో తరం?

చిన్న బ్రూవరీ ఒక బ్యాచ్ అడుగున మిగిలిన ఈస్ట్‌ను తర్వాతి బ్యాచ్‌కు వాడుకుంటుంది, మన ఇళ్ళలో పెరుగు తోడులాగే. తోడు తరాలు మారుతూ పోతే ఇంట్లో పెరుగు రుచి మారినట్టే బీరూ మారుతుంది. సామాన్యంగా ఐదు నుంచి పది తరాల దాకా వాడి, కొత్తది తెస్తారు. ఆపైన బలహీన కణాలు పెరుగుతాయి, పులియడం మందగిస్తుంది, అడవి ఈస్ట్, బ్యాక్టీరియా చేరతాయి. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్ పెంచి చూపింది ఈ బెడదకు విరుగుడుగానే. ఆ బ్రూవరీ బీరు అప్పట్లో తరచూ చెడిపోయేది.

పుస్తకంలో దీని గుర్తు ఒక ఉదంతంగా కాక వాలుగా కనిపిస్తుంది. నెలనెలా కొద్దికొద్దిగా జారి, ఒకరోజు ఉన్నట్టుండి మొదటి స్థాయికి లేస్తుంది. ఆ లేచిన రోజు కొత్త ఈస్ట్ పొట్లం విప్పిన రోజు. మొదటి ఏడాది నా పుస్తకంలో అరటిపండుకు ఇచ్చిన మార్కులు జనవరి నుంచి మే దాకా తగ్గి జూన్‌లో ఒక్కసారి పెరిగాయి. అడిగితే, ‘సరిగ్గా మే చివర్లో మార్చాం, మీకెలా తెలుసు సార్?’ అన్నాడు బ్రూవర్. నా మూడేళ్ళ శ్రమకు దక్కిన ఏకైక బిరుదు అది.

ఎనిమిదో మెట్టు: సరుకు, నీరు

మాల్ట్ బార్లీ పంటతో పాటు ఏటా కొద్దిగా మారుతుంది. రాజస్థాన్, హరియాణా వైపు పండిన కొత్త పంట మాల్ట్ వచ్చినప్పుడు రంగులో, రుచిలో చిన్న తేడా సహజం. హాప్స్ ఎక్కువగా దిగుమతి. సంచి విప్పాక చల్లగా, గాలి తగలకుండా ఉంచకపోతే చేదు పదార్థం తగ్గి, వాసన పాత జున్నులా తిరుగుతుంది.

నీరు ఎక్కువ ముఖ్యం, బీరులో 90 శాతానికి పైగా అదే. వరంగల్ నగరానికి ధర్మసాగర్, వడ్డేపల్లి వంటి చెరువుల్లో నిల్వచేసిన నీరు వస్తుంది. దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు ధర్మసాగర్‌కు చేరుతుంది. బోరు నీరైతే ఈ ప్రాంతంలో చాలాచోట్ల గట్టినీరు, బైకార్బొనేట్లు ఎక్కువ. అది మాల్ట్ నానబెట్టిన గంజి ఆమ్లతను చెడగొడుతుంది. అక్కడ ఆమ్లతను కొలిచే పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. పైకి పోతే లేత బీరులో టీ డికాక్షన్ లాంటి వగరు దిగుతుంది. ఈ వగరును చాలామంది చేదు అనుకుంటారు. చేదు నాలుక మీద మెరిసి పోతుంది, వగరు దవడలను పట్టుకుంటుంది, పచ్చి వక్క నమిలినట్టు.

చెరువులోకి తొలి వరద ఎర్రనీరు చేరినప్పుడు శుద్ధి కేంద్రంలో క్లోరిన్ మోతాదు పెరగడం సహజం. అది ఇంట్లో మంచినీళ్ళ బిందె దగ్గరే తెలుస్తుంది. బ్రూవరీలో బొగ్గు ఫిల్టర్ దాన్ని పట్టాలి. ఫిల్టర్ నిండిపోయి ఉంటే క్లోరిన్ దాటిపోయి, మాల్ట్‌లోని ఫినాల్‌లతో కలిసి ఆసుపత్రి వాసన పుట్టిస్తుంది. శతకోటి పాళ్ళలో కొద్ది పాళ్ళున్నా ముక్కు పట్టేస్తుంది. అందుకే మృగశిర తర్వాత ఒక పరీక్ష పెట్టుకోమన్నాను. ఆ వారం మీ ఇంటి నల్లా నీరు ఎలా ఉందో కూడా అదే పేజీలో రాయండి. మూడు వారాల తర్వాత గ్లాసులో మందు వాసన వస్తే రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.

తొమ్మిదో మెట్టు: మనిషి మారాడా?

ఇది సున్నితమైన మెట్టు. కొత్త బ్రూవరీకి తరచూ బయటి సలహాదారు వంటకాలు రాసి, ఆరు నెలలు ఉండి వెళ్ళిపోతాడు. తర్వాత ఉన్న కుర్రవాడు ఆ కాగితాన్ని అక్షరం తప్పకుండా పాటిస్తాడు, కానీ మాల్ట్ మారినప్పుడు, నీరు మారినప్పుడు కాగితాన్ని ఎలా మార్చాలో అందులో ఉండదు. ఇంకో సంగతి, మారడం అన్నింటా పతనం కాదు. మొదటి ఏడాది బీరు మహా గొప్పదని అందరూ తలచుకుంటారు. నా పుస్తకం తీసి చూస్తే తొలి నాలుగు నెలల్లో మూడుసార్లు వెన్న ఉంది. రెండో ఏడు ఒక్కసారీ లేదు. జ్ఞాపకం ఎప్పుడూ బ్రూవర్ పక్షాన గానీ మన పక్షాన గానీ సాక్ష్యం చెప్పదు.

ఒకే ప్రశ్న మర్యాదగా అడగండి: ‘వంటకం ఏమైనా మార్చారా?’ జనం చేదు వద్దంటున్నారని తగ్గించి ఉండవచ్చు. అది లోపం కాదు, వ్యాపార నిర్ణయం. మీకు నచ్చకపోతే వేరే బీరు తాగండి. నేనైతే గొణుగుతాను, తాగుతాను.

చివరిగా, చెప్పే తీరు

శనివారం రాత్రి, నిండు జనంలో, కౌంటరు దగ్గర నిలబడి ‘బీరు పాడైంది’ అనకండి. వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్ళండి. ఏ బీరు, ఏ ట్యాప్, ఏ తేదీ, ఏ వాసన, ట్యాంకు నుంచి తాగితే ఎలా ఉంది, ఎంతమంది పట్టుకున్నారు అన్న ఆరు సంగతులు ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. కారణం మీరు చెప్పవద్దు, వాళ్ళను వెతకనివ్వండి. మూడు వారాలాగి, అదే ట్యాప్ ముందు మళ్ళీ కూర్చోండి.

మూడో ఏడు సంక్రాంతి నాటికి ఆ బ్రూవరీలో ముచ్చటగా మూడో బ్రూవర్ చేరాడు. పాతికేళ్ళ కుర్రవాడు. ముందున్న ఇద్దరూ ఎన్ని కిలోల మాల్ట్ వేశారో రాసిపెట్టారు గానీ బీరు ఎలా ఉండేదో ఒక్క ముక్కా రాయలేదు. నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడి, ‘మొదటి ఏడాది గోధుమ బీరు ఎలా ఉండేది సార్?’ అన్నాడు. పుస్తకం తీసి చదివాను. ‘మగ్గిన చక్కెరకేళి, వెనుక సన్నగా లవంగం. నురగ ఆరు నిమిషాలు. చివర్లో మజ్జిగ పులుపు లేదు.’ చక్కెరకేళి అన్నచోట ఆపి, అంటే మామూలు అరటిపండు కన్నా ఎక్కువ మగ్గినదా అని అడిగాడు. తర్వాత ఫోను తీసి ఆ పేజీకి ఫోటో కొట్టుకుని, ట్యాంకుల గదిలోకి వెళ్ళిపోయాడు.